కోచ్ గారి కుర్చీ వెనక

మన దేశపు పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు చాలా ఏళ్ళు ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. శిబిరం ఉన్నప్పుడు పిలిచేవారు, లేనప్పుడు తెనాలిలో నా క్లినిక్ చూసుకునేవాణ్ణి. అల్లాహ్ దయవల్ల కాళ్ళూ చేతులూ బాగుండగానే రెండూ మానేశాను. ఈమధ్య ఈ చదువు చదువుతున్న పిల్లలు కొందరు ఇంటికి వచ్చి, "జట్టు చరిత్ర చెప్పండి సార్" అన్నారు. నేను తడబడ్డాను. మన జట్టు ఒలింపిక్స్ ఆడింది ఒకే ఒక్కసారి, అప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను. చైనాను వాళ్ళ గడ్డ మీదే ఓడించిన రోజున మా అన్నగారి అబ్బాయి పెళ్ళిలో బిర్యానీ వడ్డిస్తున్నాను. గొప్ప రోజులన్నీ నన్ను తప్పించుకుని జరిగాయని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

పిల్లలు వెళ్ళాక ఆలోచిస్తే, నాకూ ఒక చరిత్ర తెలుసుననిపించింది. అది పాదాల చరిత్ర. అదీ, దానివెంట నేర్చుకున్న పనీ ఇక్కడ రాస్తున్నాను.

సిమెంటు పాదాలు, చెక్క పాదాలు

నేను పనిలో చేరినప్పుడు జట్టులో సగంమంది సిమెంటు కోర్టుల మీద పెరిగినవాళ్ళు. వాళ్ళ పాదాలు చేతిలోకి తీసుకుంటే ఎండిన కొబ్బరిపీచు పట్టుకున్నట్టుండేది. మడమలు పగిలి, బొటనవేలి కింద చర్మం తోలులా గట్టిపడి ఉండేది. చీలమండలు లావుగా, మొరాయించే తలుపు బందుల్లా ఉండేవి. కాన్వాసు బూట్లతో సిమెంటు మీద ఏళ్ళ తరబడి ఎగిరి దిగితే అంతే.

తర్వాత రంగు పూసిన కోర్టులు వచ్చాయి, ఆపైన చెక్క నేలలు వచ్చాయి. పాదాలు మెత్తబడ్డాయి, బాధ మోకాళ్ళకు ఎక్కింది. మంచి బూట్లు వచ్చాయి, ఆట వేగం పెరిగింది. అంత వేగంగా పరుగెత్తేవాడు ఒక్కసారిగా ఆగితే ఆ బరువంతా ఎక్కడో ఒకచోట పడాలి కదా. ఏ తరం ఆటగాడో ముఖం చూడకుండా, సాక్స్ విప్పితే చెప్పగలిగేవాణ్ణి.

ఆటగాళ్ళు నాకు పెట్టిన పేరు 'కాళ్ళు పట్టే సాయిబు'. మొదట్లో కొంచెం గుచ్చుకునేది. తర్వాత, పనిని ఇంత సూటిగా చెప్పే పేరు మరొకటి లేదని ఒప్పుకున్నాను.

మడమ తడవాలి

ఈ పని నేను కాలేజీకి ముందే నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా నాన్నగారు తెనాలిలో దర్జీ. ఖురాను కంఠస్థం. నమాజుకు ముందు నేను వజూ చేసి శుభ్రపడేటప్పుడు పక్కనే నిలబడి చూసేవారు. చేతులూ ముఖమూ కడుక్కోవడం ఎవరికైనా వచ్చు, పాదాల దగ్గరే మనిషి తొందరపడతాడని ఆయన నమ్మకం. వేళ్ళ సందుల్లో వేలు పెట్టి కడగాలి, చీలమండ దాటి నీళ్ళు పోవాలి, మడమ పొడిగా మిగిలితే వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాలి.

"మడమ చూడరా. నువ్వు చూడకపోయినా చూసేవాడు ఒకడున్నాడు" అనేవారు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నా మొదటి సలహా ఇదే. స్కాన్ తెరిచి చూసే ముందు కాలు కడిగి చూడండి. ఈ రోజుల్లో ఫోన్లో రిపోర్టు చూసి, ఆటగాడి ముఖం కూడా చూడకుండా వ్యాయామాలు వాట్సాప్‌లో పంపేవాళ్ళున్నారు. వాళ్ళ చదువు మీద నాకు గౌరవం ఉంది, ఆ పద్ధతి మీద లేదు. చేత్తో పట్టుకున్న పాదం రిపోర్టులో లేని సంగతులు చెబుతుంది. ఆటగాడు నోటితో అబద్ధమాడుతున్నప్పుడు మరీ చెబుతుంది.

రంజాన్‌లో శిబిరం పడితే ఉపవాసంతోనే పనిచేసేవాణ్ణి. ఎండలో నీళ్ళ సీసాలు పంచేది నేనే. "ఏంటి బాబాయ్, మాకు తాగించి పుణ్యం నువ్వు కొట్టేస్తున్నావా" అని వేళాకోళమాడేవారు. పొద్దుగూకే వేళకు ఆ వేళాకోళమాడినవాళ్ళే ఖర్జూరాలు తెచ్చి, టైము చూస్తూ నా పక్కన కూర్చునేవారు.

రేపల్లె ప్రసాదరావు గారు

నేను ఎక్కువకాలం పనిచేసింది ప్రసాదరావు గారి దగ్గర. ఊరు రేపల్లె. ఒకప్పుడు జట్టులో సెంటర్ స్థానంలో ఆడినవారు, తర్వాత అదే జట్టుకు కోచ్ అయ్యారు. అరిస్తే స్టేడియం బయట టీ బండివాడికి వినబడేది. మనసు వెన్న. చెవులు మాత్రం మూతపడి ఉండేవి.

నడిచేటప్పుడు ఆయన కుడిపక్కకు ఒరిగేవారు. ఆ కుడి చీలమండ అసలు వంగేది కాదు. కారణం అడిగితే మాట మార్చేసేవారు. ఎవరైనా కాలు బెణికిందంటే మాత్రం ఆయన మందు ఒక్కటే. "మా రోజుల్లో పసుపూ సున్నం పట్టేసి ఆడేశాం రా. లే."

పసుపు మీద నాకు కోపం లేదు. మా ఇంట్లోనూ వాడతాం. తెగిన లిగమెంటు మాత్రం పసుపు మాట వినదు. ఈ సంగతి జట్టందరి ముందూ కోచ్‌కు చెబితే ఆయన వినడు, ఎందుకంటే ఆయన అందరి ముందూ ఉన్నాడు. చెప్పకుండా ఊరుకుంటే ఆటగాడి కాలు పోతుంది. 'ఈయనతో పడలేను' అని సంచి సర్దుకుంటే రేపు నా చోట్లోకి వచ్చేవాడు పసుపే పట్టిస్తాడు. నేను చూసిన కుర్ర ఫిజియోలు చాలామంది ఈ మూడింట్లో ఏదో ఒకటి చేశారు. మంచి పిల్లలే. దారి తెలియలేదు, అంతే.

ఆ దారి నాకు మసీదులో దొరికింది.

వెనక వరసలో మనిషి

జమాత్‌లో, అంటే కలిసి చేసే నమాజులో, అందరం ఇమామ్ గారి వెనక నిలబడతాం. ఆయన వంగితే వంగుతాం, లేస్తే లేస్తాం. ఆయనకంటే ముందు కదలకూడదు. అయితే ఇమామ్ గారు కూడా మనిషే. ఒక్కోసారి కూర్చోవలసిన చోట లేచి నిలబడతారు. అప్పుడు వెనకున్నవాడు ఊరుకోకూడదు. తప్పని అరవకూడదు. వరస వదిలి పోకూడదు. 'సుబ్హానల్లాహ్' అని ఒక్కమాట అనాలి. దేవుడు ఏ లోపమూ లేనివాడు అని దాని అర్థం. అందులో ఇమామ్ గారి మీద నింద లేదు. లోపం లేనివాడు ఆయనొక్కడే, మిగతా అందరం పొరపడేవాళ్ళమే అని గుర్తుచేయడం. ఇమామ్ గారు అది విని సర్దుకుంటారు. చివర్లో ఆ పొరపాటుకు రెండు సజ్దాలు అదనంగా చేస్తారు, వెనకున్న మేమందరమూ ఆయనతోపాటు నేలకు నుదురు ఆనిస్తాం. పొరపాటు ఒకరిది, సజ్దా అందరిదీ.

అందుకే ఇమామ్ గారికి సరిగ్గా వెనక, మొదటి వరసలో, విషయం తెలిసినవాడు నిలబడాలంటారు. మా నాన్నగారి చోటు అదే. నేను జట్టు బెంచీలో కోచ్ గారి కుర్చీకి సరిగ్గా వెనక కూర్చోవడం మొదలుపెట్టాను.

ఒక మ్యాచ్‌లో మన కుర్రాడొకడు ఎగిరి దిగుతూ మోకాలు లోపలికి మడిచాడు. కోచ్ గారు బంతినే చూస్తున్నారు. నేను ఆయన కుర్చీ వీపు మీద వేలితో ఒక్కసారి తట్టాను. ఆయన తిరిగి చూశారు.

"ఏంటి సాయిబూ, తలుపు తడుతున్నావా?"

"పదో నెంబరు మోకాలండి."

విసుక్కున్నారు గానీ చూశారు. చూశాక అతన్ని బయటికి పిలిచారు. ఆ సాయంత్రం హోటల్లో టీ తాగుతూ, అరవకుండా తట్టడమేమిటని అడిగారు. జమాత్ సంగతి చెప్పాను.

"అయితే మీ ఇమామ్ గారు కూడా తప్పు చేస్తారన్నమాట."

"చేస్తారండి. మనిషే కదా."

"వెనకనుంచి చెబితే వింటారా?"

"వినాలండి. ఆయన ఒక్కడి నమాజు కాదు కదా, వెనక అందరిదీ ఉంది."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "సరే. నువ్వు తట్టు. తడితే నేను ఆగి మళ్ళీ చూస్తా. కానీ ఒకటి, ఏమైందో నువ్వు చెప్పకు. నేనే చూసి పట్టుకుంటా. లేకపోతే కోచ్‌ని నేనెందుకు?"

ఈ ఒప్పందం మా ఆవిడకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. నమాజులో మగవాళ్ళు మాటతో గుర్తుచేయాలి, చేత్తో తట్టడం ఆడవాళ్ళకు చెప్పిన పద్ధతి. "అంతమంది పొడుగుగాళ్ళ మధ్య నా వంతు మీరు తీసుకున్నారన్నమాట" అంది. స్టేడియం గోలలో మాట వినబడదు, తట్టే వేలు తెలుస్తుంది. అదే చెప్పాను.

అమృతలూరు సెంటర్లో ఫ్లెక్సీ

ఇప్పుడు నాగేంద్ర సంగతి. అమృతలూరు రైతుబిడ్డ. పొడుగు, ఓర్పు, చక్కని చెయ్యి. జాతీయ శిబిరానికి పలుమార్లు వచ్చాడు గానీ ప్రతిసారీ చివరి వడపోతలో పేరు జారిపోయింది. దేశం జెర్సీ ఒక్కసారైనా వేసుకోవాలన్నదే వాడి కోరిక. వయసు కూడా దాటిపోతోంది. ఆ ఏడు మాత్రం చోటు దాదాపు ఖాయం అనుకున్నాం. శిబిరం మధ్యలో, రింగుకు తగిలి వచ్చే రీబౌండు బంతికి ఎగిరి వేరేవాడి బూటు మీద దిగాడు. కుడి చీలమండ.

శిబిరానికి విరామం వచ్చింది. వాణ్ణి బాపట్లలో వాళ్ళ అక్క ఇంట్లో పెట్టాను. అక్కడ కోర్టు ఉంది, సూర్యలంక సముద్రం ఉంది. అల తడిపి వెళ్ళిన ఇసుకలో ఉత్త కాళ్ళతో నడవడం కంటే మంచి వ్యాయామం చీలమండకు నేనెరగను. ఇసుక ప్రతి అడుగుకూ కొత్తగా జారుతుంది, పాదం ప్రతిసారీ కొత్తగా ఆలోచించుకోవాలి. నేను తెనాలి నుంచి రైలెక్కి వెళ్ళి వచ్చేవాణ్ణి. కాలు బాగుపడుతోంది. కానీ ఎంపిక రోజు దానికంటే తొందరగా వస్తోంది.

ఇంతలో ఒక పని జరిగింది. నాగేంద్ర మేనమామ సాంబయ్య గారికి అమృతలూరులో ఎరువుల కొట్టుంది. మేనల్లుడంటే ప్రాణం. జాబితా రాకముందే ఊరి సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించేశారు. మధ్యలో బంతితో నాగేంద్ర, వెనక జాతీయ జెండా, 'భారత జట్టుకు ఎంపికైన మన అమృతలూరు ముద్దుబిడ్డ', కింద ప్రయాణం తేదీ, చుట్టూ దండిగా బంధువుల ఫొటోలు. ఒక మూల నా ఫొటో కూడా ఉంది. నా కళ్ళజోడును బట్టి నన్ను నేను గుర్తుపట్టాను.

"ఇంకా పేరు రాలేదు కదండీ" అన్నాను.

"వస్తుంది లెండి సాయిబు గారూ. మీరున్నారు, ప్రసాదరావు గారున్నారు. అందరూ మనవాళ్ళే కదా" అన్నారాయన.

ఆ 'మనవాళ్ళే' అన్న మాట నా గుండెలో రాయిలా పడింది. సాక్ష్యం చెప్పేటప్పుడు అది మనకు, మనవాళ్ళకు నష్టమైనా నిజమే చెప్పాలని నేను చిన్నప్పటి నుంచీ విన్న ఆజ్ఞ. అప్పటిదాకా అది కోర్టులకు వెళ్ళేవాళ్ళకు అనుకున్నాను.

బాపట్ల కోర్టు

ప్రసాదరావు గారు ఇంటి పని మీద రేపల్లె వచ్చి ఉన్నారు. నాగేంద్రను పరీక్షించి ఆ సాయంత్రంలోగా పేరు పంపాలి. పరీక్ష బాపట్లలో. ఆ ఉదయం ఫజర్ నమాజయ్యాక కాసేపు కూర్చుని ఇలా అడిగాను: అల్లాహ్, వాడి కాలన్నా బాగుచెయ్యి, నా చెయ్యన్నా నిలకడగా ఉంచు. రెండూ ఇస్తే నాకు అభ్యంతరం లేదు.

కోర్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ముందు కోచ్ గారు, ఆయన వెనక నేను. సాంబయ్య గారు అమృతలూరు నుంచి ఒక ఆటో నిండా జనాన్ని తెచ్చారు. టేపు చుడుతుంటే నాగేంద్ర వంగి నా చెవిలో అన్నాడు.

"బాబాయ్, ఈ ఒక్కసారికి ఆ వేలు జేబులో పెట్టుకో."

"నొప్పి ఉందా?"

"లేదు."

వాడి పాదం నా చేతిలో ఉంది. చెప్పాను కదా, పాదం వేరే చెబుతుంది.

ఆట మొదలుపెట్టాడు. పరుగెత్తి, మలుపు తిరిగి, ఎగిరి వేశాడు. పడింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ పడింది. బంతి వల్లో పడుతుంటే కాళ్ళు ఎవరూ చూడరు. అమృతలూరు వాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. వాడు ఎగరడం రెండు కాళ్ళతో ఎగురుతున్నాడు, దిగడం మాత్రం ఎడమ కాలి మీద దిగుతున్నాడు. కుడిది చివరి క్షణంలో నేలకు ఆనిస్తున్నాడు. ఎంత నేర్పుగా దాస్తున్నాడంటే, ఆ నేర్పుకే ఇంకో జెర్సీ ఇవ్వచ్చు.

కోచ్ గారి వీపు చూస్తేనే ఆయన సంతోషం తెలుస్తోంది. "అదిరా. చాలు" అని ఫోన్ తీశారు.

నేను కుర్చీ మీద తట్టాను.

ఆయన తిరగలేదు. ఫోన్ పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఇప్పుడా సాయిబూ" అన్నారు, నాకు మాత్రమే వినబడేలా.

"ఇప్పుడేనండి."

ఒప్పందం ప్రకారం నేను ఇంకేమీ చెప్పకూడదు, చెప్పలేదు. ఆయన మళ్ళీ నాగేంద్ర కాళ్ళ వైపు చూశారు. ఫోన్ జేబులో పెట్టారు.

"నాగేంద్రా, బంతి పక్కన పెట్టు. కుడి కాలి మీద ఎగిరి, కుడి కాలి మీదే దిగి నిలబడు."

నాగేంద్ర నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు. వాడు ఎగిరి దిగాడు. చీలమండ వణికింది, మోకాలు లోపలికి పోయింది, ఎడమ కాలు తనంతట తనే నేలకు వచ్చేసింది. మళ్ళీ చేయమన్నారు. మళ్ళీ అంతే. వాడు ఉన్నచోటే కూలబడ్డాడు. చప్పట్లు ఆగిపోయాయి.

ప్రసాదరావు గారు లేచి, తన ఒరిగే నడకతో వెళ్ళి వాడి పక్కన సిమెంటు మీద కూర్చున్నారు. తన కుడి బూటు విప్పారు, సాక్స్ తీశారు. ఇన్నేళ్ళుగా నాకు కూడా సరిగ్గా చూపించని కాలది.

"పట్టుకుని వంచు" అన్నారు నాగేంద్రతో.

వాడు పట్టుకున్నాడు. వంగలేదు.

"బెణికిన కాలితో టూరుకెళ్ళాను. పసుపు పట్టేసి ఆడాను. అందరూ భుజం తట్టారు. ఆ టూరు ఇదిగో, ఇదే. దీని తర్వాత నాకు ఇంకో టూరు లేదు రా." సాక్స్ చేతిలోకి తీసుకుని అన్నారు, "అప్పట్లో నా వెనక కుర్చీలో ఎవరూ లేరు."

 సాంబయ్య గారు ముందుకు వచ్చారు.

"మరి ఫ్లెక్సీ సంగతి ఏంటండి?"

ముందు నవ్వింది నాగేంద్రే. కళ్ళనిండా నీళ్ళతో నవ్వాడు. కోచ్ గారు బూటు తొడుక్కుంటూ అన్నారు, "తీయకండి. తేదీ మీద తెల్ల కాగితం అంటించండి."

ఒళ్ళో చేతులు

జట్టు వాడు లేకుండానే వెళ్ళింది. నేనూ వెళ్ళాను. తిరిగి వచ్చాక కూడా కొంతకాలం నాగేంద్ర నా ఫోన్ ఎత్తలేదు. అందుకు వాణ్ణి తప్పుపట్టను. కొత్తగా వచ్చే పిల్లలు ఇది కూడా తెలుసుకోవాలి: సరైన మాట చెప్పినందుకు వెంటనే దండలు వేయరు. మంచి ఫిజియోను ఆటగాడు కొన్నాళ్ళు తిట్టుకుంటాడు. అసలు తిట్టించుకోనివాడు పనిచేయలేదేమోనని నా అనుమానం.

ఒక శుక్రవారం మధ్యాహ్నం జుమా నుంచి వచ్చేసరికి మా గుమ్మంలో పెద్ద బూట్లు కనబడ్డాయి. లోపల నాగేంద్ర మా ఆవిడ పెట్టిన సేమియా తింటున్నాడు.

"ఏంటి బాబాయ్, ఇసుకలోకి మళ్ళీ ఎప్పుడు?"

"బూట్లు తొడుక్కో" అన్నాను.

సూర్యలంకలో మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి తొందర లేదు. ఒకరోజు వెనక్కి తిరిగి చూస్తే, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని ప్రసాదరావు గారు కూడా ఇసుకలో నడుస్తున్నారు. రేపల్లె నుంచి చెప్పకుండా వచ్చారు.

"మీకెందుకండీ, ఆ కాలు ఇంక వంగదు" అన్నాను.

"పొరపాటు ఒకరిదైనా అందరూ వంగాలన్నావు కదా. నాకు వచ్చినంత వంగుతున్నా" అన్నారు.

అమృతలూరులో ఫ్లెక్సీ అలాగే ఉంది. ఎండకు బంధువులంతా ఒకే రంగుకు వచ్చారు. తెల్ల కాగితం వానకు ఊడినప్పుడల్లా సాంబయ్య గారు కొత్తది అంటించేవారు. మరుసటి ఎంపికలో నాగేంద్ర ఏ కాలి మీద దిగమంటే ఆ కాలి మీద దిగాడు. జాబితాలో పేరు వచ్చింది. పాత ఫ్లెక్సీ మీదే కొత్త తేదీ రాయించారని విన్నాను.

మొదటి మ్యాచ్ పరాయి దేశంలో, మెరిసే చెక్క నేల మీద. మూడో క్వార్టర్‌లో మా సెంటర్ ఆటగాడికి ఫౌళ్ళు ఎక్కువై బయటికి రావలసి వచ్చింది. నాగేంద్ర లేచి పైచొక్కా విప్పాడు. కింద దేశం జెర్సీ ఉంది. గీత దగ్గర నిలబడి, ఎవరూ చెప్పకుండానే కుడి కాలి మీద చిన్నగా ఎగిరి, దాని మీదే దిగి నిలబడ్డాడు.

ప్రసాదరావు గారు లోపలికి పంపబోయి ఆగారు. కుర్చీలో మొత్తం వెనక్కి తిరిగి నా చేతుల వైపు చూశారు.

నా రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి.

"వెళ్ళరా" అన్నారాయన.